పద్దెనిమిది బై పద్నాలుగు

అంగుళానికి అడ్డంగా పద్దెనిమిది, నిలువుగా పద్నాలుగు కళ్ళు.
దోమ పట్టదు. గాలి పడుతుంది.
ఇరవై రెండేళ్ళుగా గుణుపురంలో
కిటికీలకీ, నర్సింగ్‌హోము వరండాలకీ
ఈ లెక్కే చెప్పి బతుకుతున్నాను.
నీళ్ళకి తొడగమని మాత్రం
మొన్నటి దాకా ఎవరూ అడగలేదు.

జీడిపప్పు మిల్లు పొట్నూరు త్రినాథరావు గారు
పెరట్లో ముప్ఫై అడుగుల ఈతకొలను కట్టించేరు.
మొదటి ఏడు చుట్టాలొచ్చి ఫొటోలు దిగేరు.
రెండో ఏడు కప్పలొచ్చేయి, ఇప్పపూలొచ్చేయి,
ఉసిళ్ళొచ్చేయి, రెక్కలు నీళ్ళ మీద, ఒళ్ళు అడుగున.
మూడో ఏడు మలేరియా ఆఫీసు కుర్రాడొచ్చి
గరిటెతో ముంచి, టార్చి వేసి,
తలకిందులుగా వేలాడే దోమపిల్లల్ని లెక్కపెట్టి
చీటీ రాసిచ్చేడు.
ఆ చీటీయే నాకు అడ్వాన్సు.

"దీనికో మశారి కావాలి బాబూ" అన్నారు సుమతమ్మ గారు.
ఆవిడ పుట్టిల్లు బరంపురం,
ఏ మాటైనా తెలుగులో మొదలెట్టి ఒడియాలో ముడేస్తారు.
మా అమ్మ కట్టే దోమతెర గుర్తొచ్చింది:
నాలుగు మూలలా నాలుగు ముళ్ళు,
అంచంతా పరుపు కిందికి దోపి,
అయినా లోపల దొరికిపోయిన దోమ ఒకటి, ఎప్పుడూ.

నేనూ, సెరంగో నుంచి వచ్చిన ఎలియా రైతా, పన్నెండు రోజులు.
పైపులు రాయగడ నుంచి లారీలో,
జాలీ చుట్టలు విశాఖ నుంచి బస్సు టాపు మీద.
టైల్సుకి డ్రిల్లు ఆనించినప్పుడల్లా
త్రినాథరావు గారు దవడ పట్టుకునేవారు.

జాలీని గాడి మీద పరిచి, రబ్బరు తాడు పెట్టి
చిన్న చక్రంతో తొక్కుకుంటూ పోవాలి.
ఎక్కువ లాగితే చట్రం వంగుతుంది,
తక్కువ లాగితే పొట్ట జారుతుంది.
ఎంత లాగాలో చెప్పడానికి మాట లేదు.
ఎలియా వేలు నా వేలి కింద పెట్టుకుని లాగేను.
"డోలు తోలు లాగ" అన్నాడు వాడు.
ఆ పైన నేను నేర్పిందేమీ లేదు.

సాయంత్రం అయిదుంబావుకి ఒక వానకోవెల వచ్చేది.
ఎక్కడా వాలదు.
నీటి మీద గీత గీసినట్టు
ముక్కు తడుపుకుని లేచిపోయేది.
టీ గ్లాసుతో సుమతమ్మ గారు దాని వేళకే
వరండాలో కూర్చునేవారని
పదోరోజు గానీ నాకు తెలీలేదు.
పదకొండో రోజు పైకప్పు మూసేం.
అది వచ్చింది. గాల్లోనే ఆగి, పక్కకి తిరిగింది.
మళ్ళీ వచ్చింది.
మూడోసారి రెక్క తగిలి జాలీ చిన్నగా మోగింది.
బిగువు బాగా కుదిరిందని
ముందు నాకు సంతోషమే కలిగింది.
ఆ మాట రాయకపోతే అబద్ధమవుతుంది.

"పైన ఒక్క గడి తీసెయ్యొచ్చా?"
"దోమలకీ అదే దారి కదమ్మా."
"అవును గదా" అని ఆవిడ గ్లాసు కింద పెట్టేరు.

త్రినాథరావు గారు బిల్లులో వెయ్యి కోసి, గ్యారంటీ అడిగేరు.
రాసిచ్చేను: పదేళ్ళు. కోతులకీ, వడగళ్ళకీ వర్తించదు.
పిట్ట సంగతి రాయడానికి ఆ కాగితంలో జాగా లేదు.

ఆషాఢంలో ఓ రాత్రంతా కురిసింది.
పొద్దున్నే ఫోను:
"బాబూ, వాన నీ జాలీలోనే ఉండిపోయింది."
వెళ్ళి చూస్తే నిజమే, కంటికో చుక్క.
మొత్తం ఎన్నో లెక్క కట్టగలవాణ్ణి
ఆ పెరట్లో నేనొక్కణ్ణే, కట్టలేదు.
పిగిలిపిట్టలు రెండు పైన నడుస్తూ
ఒక్కో కన్నూ తుడిచి తాగుతున్నాయి.
తాగిన చోటల్లా ఆకాశం తెరుచుకుంటోంది.
వానకోవెల మాత్రం రాలేదు.
దానికి నడిచే కాళ్ళు లేవు.

ఎలియా నిచ్చెనా, చీపురూ తెచ్చేడు.
"ఉండనీ" అన్నారు సుమతమ్మ గారు. "థావు."

ముగ్గురం మెడలెత్తి నిలబడ్డాం.
నా చెవి దగ్గర సన్నగా ఒకటి పాడుతోంది,
లోపలిదే.